శిఖ నాటించుటకై కడప దాక

కర్నూలునుండి కడపకు పోయి వచ్చినవారు లెక్కకు మిక్కిలిగా కలరు. తలవెండ్రుకలు నాటించుకొనుటకై పోయినవారు మాకు ముందెవరైన ఉన్నట్లు నేను వినలేదు. పోయి వచ్చి నాలుగు మాసములైనది. దారిలో చూచినది, తిన్నది, విన్నది వ్రాయుదును. ఎందులకు పోయితిమో అదియు దాచక వ్రాయుదును.

మా గ్రామము నందికొట్కూరునకు రెండు కోసుల దూరమున నున్నది. అచ్చటి చెన్నకేశవస్వామి అర్చకత్వము మా వంశమునది. పెద్దవాడనైనను నేను కర్నూలులో తెలుగు పండితుడనుగా ముప్పది యేండ్లు గడిపి, స్వామిసేవను తమ్ముడు నరహరికి విడిచితిని. అతడు నాకంటె పదునాలుగేండ్లు చిన్న. నాయన పోయినపిదప నా మాటయే అతనికి నాయన మాట.

నిరుడు శ్రావణమాసమున నరహరి నడినెత్తిన, సరిగా శిఖ మొదట, రూపాయిబిళ్లంత మేర వెండ్రుకలు రాలిపోయెను. మావైపు దానిని పేనుకొరుకుడందురు. ఉద్యోగము విరమించి ఊరు చేరియుంటిని గనుక, నేనే మందు నూరి పూసితిని. పూసినచోట బొబ్బలెక్కి రసి కారెను. మానినపిదప తెల్లని మచ్చ మిగిలెను, వెండ్రుక మొలవలేదు. నేను మందు వేసిన సంగతి మా యింటివారికి తప్ప ఊరికి తెలియదు. అడిగినవారికి వ్యాధి ముదిరినదని చెప్పితిని.

శిఖ లేనివాడు దర్భతో ముడి కల్పించుకొని చెవిమీద నుంచుకొనవచ్చునని శాస్త్రము వెసులుబాటు చూపినది గాని ఊరు చూపలేదు. నరహరి చుట్టునున్న వెండ్రుకలను మచ్చమీదికి లాగి ముడివేసికొనుచు వచ్చెను. అభిషేకమున తల తడిసినప్పుడు ముడి జారి తెల్లని మచ్చ బయటపడెను. మా దాయాది రామానుజయ్యకు అదియే చాలెను. పెద్దరోగమగు కుష్ఠము మొదలు అట్లే ఉండునని ఆతడు నలుగురితో అనెను. నలుగురు నలుబదిమంది యైరి. తీర్థమునకు చేయి చాచువారు తగ్గిరి.

ధర్మకర్తయైన పెద్దరెడ్డి మమ్ము పిలిపించి, చాల నొచ్చుకొనుచునే చెప్పెను.

“నేను నమ్మను సామీ. కానీ ఊరంతా అంటాండాది. రోగం ఉండే చేతి తీర్థం ఎవురు తాగుతారు? తిరునాళ్లలోగా ఏదో ఒకటి తేల్చుకోని రాండి. లేకుంటే తాళాలు రామానుజయ్యకు ఇయ్యాల్సొస్తాది.”

తాళములతో బాటు మాన్యపు పొలము పోవును. నరహరికి వేరొక జీవనాధారము లేదు, వేరొక విద్య రాదు. తిరునాళ్లకు నెల దినములు గడువుండెను.

కర్నూలు

రాజధాని వచ్చినపిదప కర్నూలు నేనెరిగిన కర్నూలు గాదు. వరుసలు వరుసలుగా గుడారములు వెలసినవి. ఒక గుడారములో ఒక శాఖ, దాని ప్రక్క గుడారములో ఆ శాఖవారి సంసారము. కోస్తానుండి వచ్చిన గుమాస్తాలు మా యెండకు తాళలేక నెత్తిన తడిగుడ్డలు వేసికొని కాగితములు వ్రాయుచుండిరి. పశువుల కొట్టములకు సున్నము కొట్టి అద్దెకిచ్చిరి. నా ఉద్యోగకాలమున ఆరణాలకు పెట్టిన భోజనము పదణాలైనది. పెరుగు మాత్రము పలుచనైనది. హోటలు యజమాని నాకు పాత పరిచితుడు. పెరుగు సంగతి అడుగగా, “గవర్నమెంటు వచ్చింది గదా సామీ, ఉండేది అందరికీ పంచాల” అనెను.

నరహరి హోటలులో తినడు. మడి వంట తప్ప అతడెన్నడును ముట్టి యెరుగడు. మరదలు కట్టియిచ్చిన పేలాలు నీటిలో తడిపికొని తిని, నేను తినునంత సేపు వీధిలో నిలుచుండెను.

నా పూర్వశిష్యుడొకడు ఒక గుడారములో గుమాస్తా. కడప వైద్యుని ప్రసక్తి తెచ్చినది అతడే. ఆ వైద్యుడు యుద్ధకాలమున బర్మా సరిహద్దు ఆసుపత్రిలో పనిచేసెనట. ముఖము కాలిన సిపాయిలకు చెవివెనుకనుండి వెండ్రుకలతో గూడ చర్మము కోసి, కనుబొమలుగా నాటి బ్రదికించెనట. కనుబొమ నాటినవాడు శిఖ నాటలేడా యని మా ఆశ. శిష్యుడు మాకొక ఉత్తరము వ్రాసి యిచ్చి, అంత దూరము పోవుటకు ముందు మస్తాన్ సాహెబును గూడ చూడుడని పాతబస్తీకి తీసికొనిపోయెను.

మస్తాన్ సాహెబు నాటకములకు జుట్లు కట్టువాడు. దుకాణమునిండ జటలు, గడ్డములు మేకులకు వ్రేలాడుచుండెను. మా సంగతి విని ఆయన నవ్వలేదు. తన వృత్తిధర్మముగానే మాటలాడెను.

“కోసి కుట్టుకునేదెందుకు పంతులుగారూ? నారదుని పిలక ఉండాది, చాణక్యునిది ఉండాది. జిగురు పెట్టి అతికిస్తే తుంగభద్రలో మునిగినా ఊడదు. పోయినేడు నాటకంలో రాజు కోపంతో చాణక్యుని పిలక పట్టి లాగినాడు, మనిషే పడినాడు గాని పిలక ఊడలేదు.”

నరహరి ఆ పిలకను చేతిలోనికి తీసికొని చాలసేపు చూచెను. ఎవరి వెండ్రుకలని యడిగెను. కొండమీద మొక్కు తీర్చుకొన్నవారివని సాహెబు చెప్పెను. దేవునికిచ్చినది మరల దేవుని ముందరికే పోవును గనుక దోషమేమియు లేదని గూడ చెప్పెను.

“ఇచ్చేసింది ఆయనది సాయిబూ. నేనెట్ల పెట్టుకునేది?” అని నరహరి దానిని మేకునకు తగిలించెను. సాహెబు నావైపు తిరిగి, ఇటువంటి గిరాకీతో వ్యాపారము సాగదని తల యూపెను. అయినను మాకు తన యింట మంచినీళ్లు ఇచ్చుటకు వెనుకాడి, ఎదుటి బ్రాహ్మణుల యింటినుండి చెంబు తెప్పించెను.

డోన్

రైలువారి పలకమీద ద్రోణాచలము, జనుల నోట డోన్. ఏ రైలు ఎప్పుడు వచ్చునో అచ్చటి గేదెలకు బాగుగా తెలియును. రైలు కూత వినబడకమునుపే అవి పట్టాలమీదనుండి లేచిపోవుట చూచితిని. మాకు మాత్రము అరపూట నిరీక్షణ తప్పలేదు. కనుచూపుమేర ఎర్రనేల, నల్లగుండ్లు. వరుసగా వానలు తప్పిన యేండ్లవి. పొలములలో పైరు లేదు, గట్లమీద గడ్డి లేదు. రైలు దిగినవారిలో సగము మంది పని వెదకికొనుచు గుంటకల్లు వైపు పోవువారే.

మా పులిహోర మూటను బల్లమీద నుంచితిమి. ఆలూరు తట్టునుండి వచ్చిన రైతొకడు దానిమీద కూర్చుండెను. లేవదీసి చూచునప్పటికి అరిటాకు చీలి అన్నము గుడ్డకంటుకొనియుండెను.

“మెత్తగుంటే దిండు అనుకుంటి సామీ” అని అతడు నిజముగనే బాధపడి, భార్య ఒడిలోని బెల్లపుగడ్డ, వేరుసెనగలు తీసి మాముందుంచెను. ఆమె నాకు జొన్నరొట్టె, ఊరుబిండి పెట్టెను. వేరుసెనగలు, ఎండుమిరపకాయలు కచ్చాపచ్చాగా దంచిన ఆ పచ్చడి కోస్తావారు నాలుక మీద పెట్టుకొనలేరు. మాకు అదియే అమృతము. కర్నూలు కాపురమున నా మడి యెన్నడో పోయినది గనుక నేను తింటిని. నరహరి బెల్లము మాత్రము చప్పరించెను.

ఎచ్చటికి ప్రయాణమని రైతు అడిగెను. తమ్ముని తలకు చికిత్సకని చెప్పితిని. అతడు మొగమాటము లేక లేచి, నరహరి నెత్తిమీదికి వంగి చూచెను. చూచి వెంటనే అనెను.

“ఇది కాలిన మచ్చ సామీ. ఎద్దులకు వాత పెట్టినకాడ ఇట్లనే ఉంటాది. ఆడ మళ్లా బొచ్చు రాదు. డాక్టరుకు ఉత్తపున్యానికి దుడ్లు పొయ్యొద్దండి.”

నేను వానల మాట యెత్తితిని. రైతు వానల గురించి చెప్పుటలో పడిపోయెను. నరహరి మాత్రము నావైపు ఒకసారి చూచి, తల వంచికొని సెనగకాయలు ఒలుచుచుండెను.

కడప

కడపలో నేలకును గోడకును తేడా లేదు, రెండును నల్లబండలే. మావైపు మట్టిమిద్దెలు, వానకొకమారు చవుడు పోయుట. ఇచ్చట పలుచని బండలను నిలువున పాతి ప్రహరీ యందురు, అడ్డముగ పరచి అరుగందురు, పైన కప్పి యిల్లందురు. మధ్యాహ్నమైనపిదప ఆ బండలు విడుచు వేడికి జట్కాగుర్రములు సైతము నీడనుండి కదలుటకు మొరాయించును. మా జట్కావాడు గుర్రమును తిట్టిన తిట్లలో పార్సీమాటలు కొన్ని యుండెను. అవి మావైపు కచేరీ కాగితములలో తప్ప వినబడవు.

వైద్యుని యింటి అరుగుమీద మాకు ముందే పదిమంది కలరు. అందులో ఒకడు బండల గనిలో పనివాడు. మందుగుండు పేలి గడ్డము, మెడ కాలి, మానునప్పుడు గడ్డము రొమ్ముకంటుకొనిపోయెను. తల యెత్తలేడు. మాటలాడునప్పుడు మన ముఖము గాక మోకాళ్లు చూచును. చర్మము అతికింపించుకొనుట అతనికి ఇది మూడవసారి. ప్రక్కనే భార్య విసనకర్రతో విసరుచుండెను.

మేమెందుకు వచ్చితిమని ఆమె యడుగగా నరహరియే చెప్పెను. ఆ పనివాడు మోకాళ్లవైపు చూచుచునే నవ్వెను.

“నాకు మెడ లేస్తే సాలు సామీ. ఆకాశం సూసి రెండేండ్లాయ. మీకు పెట్టంగ బొచ్చు మిగిలితే, పోయిన మీసాలు నాకు పెట్టమని చెప్పండి. ఇది నా మొగం సూసేకే వొద్దంటాది.”

ఆమె విసనకర్రతో అతని భుజముమీద ఒక్కటి వేసెను. నరహరి నవ్వెను. మేము ఊరు విడిచినపిదప అతడు నవ్వుట అదియే మొదలు.

వైద్యుడు ఏబది యేండ్ల పొడగరి, మాట తక్కువ. భూతద్దముతో మచ్చ చూచెను. సూదితో చుట్టును గ్రుచ్చి, తెలియుచున్నదా యని అడిగెను. చెవులు, కనుబొమలు, మోచేతుల నరములు తడవి చూచెను. పెద్దరోగపు ఆనవాలు ఒక్కటియు లేదని చెప్పి, నరహరినే అడిగెను.

“దీనికి ఏమి పూసినావు?”

“అన్న మందు పూసినాడు.”

వైద్యుడు నావైపు తిరిగెను. ఆ వ్యాధికి సంస్కృతమున ఇంద్రలుప్తమని పేరనియు, దానికి నల్లజీడి లేపనము శ్లోకములో చెప్పబడినదనియు నేను వివరించితిని. చాకలివారు బట్టలమీద చెరగని గురుతు పెట్టు నల్లజీడియే గదా యని ఆయన అడిగెను. అవునంటిని. ఇటుకపొడిలో రుద్ది, నూనె పీల్చివేసి, పిదప పాలలో ఉడికించి శుద్ధి చేసితిరా యని అడిగెను. శ్లోకములో ఆ మాట లేదంటిని.

“శ్లోకం రాసినాయనకు అది చెప్పే పని లేదు పంతులుగారూ. మందు నూరేవానికి అది తెలిసే ఉంటాది. నూరేవాడు శ్లోకం చదవడు, చదివినవాళ్లు నూరరు. మీరు రెండూ చేసినారు.”

ఆయన పరిహసింపలేదు. ఉన్నది చెప్పెను.

నరహరి మెల్లగా అడిగెను. “ఏమీ పూయకుండ ఉంటే ఏమయ్యేది సార్?”

“ఆరునెలలు, మించితే ఏడాది. శానామందికి దానంతట అదే వస్తాది. ఇప్పుడు కుదుళ్లు కాలిపోయినాయి.”

నాటుట సాధ్యమా యని నేనడిగితిని. ప్రయత్నింపవచ్చుననియు, తల వెనుకనుండి చిన్నచిన్న బిళ్లలుగా చర్మము తీసి మచ్చలో గుంటలు చేసి నాటవలెననియు, కాలిన చోట రక్తప్రసారము తక్కువ గనుక పదింట ఎన్ని బ్రదుకునో తాను మాట ఈయజాలననియు చెప్పెను. ముందుగా శిఖతో గూడ తలయంతయు గొరగవలెను. రెండు మాసములు కడపలోనే ఉండవలెను. చీము పట్టినచో మచ్చ పెద్దదగును.

“మీ తమ్మునికి కావలసింది జుట్టు కాదు, కాగితం. నేను రాసిస్తా. ఇది రోగం కాదు, శుద్ధి చేయని నల్లజీడి మందుగా పూయడం వల్ల కాలిన మచ్చ అని రెండు వాక్యాలు. మీ ధర్మకర్తకు చూపండి.”

రెండవ వాక్యము లేక వ్రాయ వీలగునా యని నేనడిగితిని. ఇది వ్రాయునప్పుడు నా చేయి ఆగుచున్నది గాని, అడిగినది నిజము. మచ్చ యెట్లు వచ్చినదో చెప్పకున్న ఎవరు నమ్ముదురని ఆయన అనెను.

నేను నాటుటకే మొగ్గు చూపితిని. తమ్ముని నెత్తి పచ్చిపుండైనను సరే, మా ఊరిలో నా మందు పేరు బయటికి రాకూడదని నాలోపల నిశ్చయమైపోయినది. రెండు దినములు ఆలోచించి రండని వైద్యుడు మమ్ము పంపెను.

దేవుని కడప

ఊరికి కొంత దూరమున దేవుని కడప గలదు. అచ్చటి వేంకటేశ్వరుని ముసల్మానులు తమ అల్లుడందురు. ఉగాదినాడు బెల్లము, చింతపండు, టెంకాయలు తెచ్చి మొక్కుదురు. అర్చకులు తీర్థమిత్తురు, వారు కన్నులకద్దుకొని త్రాగుదురు. ఇది మావైపు వినని ఆచారము. మా ఊరిలో ముసల్మానులు ధ్వజస్తంభము దాటి లోనికి రారు. రమ్మని మేము పిలువలేదు. ఊరిలోని పెద్ద దర్గాలోను ఇదే తీరు. మాముందు దారము కట్టించుకొన్నవారిలో సగముమంది నుదుట బొట్టున్నవారే.

దేవాలయ అర్చకుడు ముప్పది యేండ్లవాడు. పిడికిలియంత ముడితో నల్లని శిఖ. అతడు హారతి తెచ్చినప్పుడు నరహరి హారతి గాక ఆ ముడి చూచుట నేను కనిపెట్టితిని.

ఆ రెండు దినములు సత్రపు అరుగుమీద నేనతనికి బోధించుచునే యుంటిని. కాగితము చూపి ఎంతమంది నోళ్లు మూయగలము? శిఖ తిరిగి నిలిచినచో ఎవరికిని ఏమియు చెప్పనక్కరలేదు. తిరునాళ్లు దాటినను రెడ్డిని గడువు వేడుకొందము. నేను చెప్పినదంతయు విని అతడు, “నువ్వు ఎట్ల చెప్తే అట్ల” అనెను. మందు కల్వముతో అతని గడపలో నిలిచిననాడును అదే మాట అనియుండెను.

మూడవనాడు వైద్యుని యెదుట నేనింకొక మాట యంటిని. తమ్ముని చర్మము తీయనేల, నా తలనుండి తీసి నాటుడని. ఆ క్షణమున అది త్యాగమని నేను నమ్మితిని. వైద్యుడు సిరాబుడ్డి మూత పెట్టుచు, ఒకరి చర్మము మరియొకరికి పట్టదనెను. అన్నదమ్ములైనను పట్టదు, పది దినములుండి నల్లబడి రాలిపోవును. ఆ పిదప నన్ను కొంతసేపు వెలుపల కూర్చుండుమని, నరహరిని మాత్రము లోన ఉంచుకొనెను.

అరుగుమీద గనిపనివాని భార్య ఒంటరిగా నుండెను. అతనిని లోపల కోయుచున్నారు. విసనకర్ర ఊరకే ఆడించుచుండెను.

నరహరి మడిచిన కాగితముతో బయటికి వచ్చెను.

“వొద్దన్నా. ఊరికి పోదాం.”

జీవితములో నన్నడుగక అతడు నిశ్చయించిన మొదటి సంగతి యిది.

తిరుగుదారి

రైలులో ప్రొద్దు వాలు వేళకు మెట్టపొలములు రాగిరేకువలె మెరయుచుండెను. ముద్దనూరు దాటినపిదప నేను తమ్ముని క్షమాపణ అడుగదలచితిని. నోటికి వచ్చినది మాత్రము వేరొకటి. ఆ బొబ్బలెక్కిననాడే నీవు నాతో గట్టిగా చెప్పవలసినదంటిని.

“అంతకు ముందే తెలుసన్నా. మంగలి చెప్పినాడు. ఏమీ పూయొద్దు సామీ, సంకురాత్రికి తిరిగి వస్తాదని.”

“మరి నాతో అనలేదేమి?”

“నువ్వు పుస్తకం చూసి, ఎండలో కూర్చోని, నీ చేత్తో నూరుకోని వచ్చినావు. మంగలి వద్దన్నాడని నీకెట్ల చెప్పేది?”

ఆ మాటలో నిష్ఠురము లేదు. ఉన్నచో నాకు తేలికగా నుండెడిది. కొంతసేపటికి అతడు కాగితము నా చేతిలో పెట్టెను. ఆంగ్లము తనకు రాదనియు, మండపములో నేనే చదివి అర్థము చెప్పవలెననియు కోరెను. చెప్పెదనంటిని. పూర్తిగా చెప్పెదనని నాలో నేను అనుకొంటిని గూడ.

ముఖమండపము

తిరునాళ్లకు తొమ్మిది దినములుండగా పెద్దరెడ్డి మమ్ము పిలిపించెను. ఉదయపు ఆరాధన ముగిసినది. మండపములో ఇరువదిమంది యుందురు. ఆంగ్లము చదువగలవాడను నేనొక్కడనే. గర్భాలయపు తలుపులు తెరచియే యుండెను. స్వామి మాకెదురుగా నుండెను.

మొదటి వాక్యము బిగ్గరగా చదివి, తెనిగించితిని. ఈతనికి పెద్దరోగము లేదు, అంటురోగమేదియు లేదు. రెడ్డి నిట్టూర్చి తొడమీద చేయి చరచుకొనెను. నేను కాగితము మడిచితిని.

రామానుజయ్య దుర్మార్గుడు గాడు. వాటాదారుడు; అంతే. అతడు న్యాయముగానే అడిగెను.

“రోగం కాదంటే అందరికీ సంతోషమే అన్నా. మరి మచ్చ యాడ నుంచి వచ్చె? కాగితంలో రెండో వరస ఉన్నట్టుండాది. అదీ చదువు.”

కాగితము విప్పితిని. అక్షరములు బాగుగానే కనబడుచుండెను. ముప్పది యేండ్లుగా నేను సెలవులకు వచ్చినప్పుడెల్ల ఆ యూరివారు పిల్లలకు జ్వరము వచ్చినను, పశువునకు కట్టు తప్పినను, తిథివారములకైనను నాయొద్దకే వచ్చిరి. వారందరు నా ముఖము చూచుచుండిరి. నా నోరు తెరచుకొనలేదు. ఎంతసేపో చెప్పలేను. రెడ్డి కూర్చున్నచోట కదలునంత సేపు.

అప్పుడు నరహరి లేచి నిలిచెను.

“కాలిన మచ్చ. లోపల వేలాడే దీపంలో నుంచి కాగిన నూనె నెత్తిన పడింది. సేవలో జరిగింది చెప్పుకునేదెందుకని చెప్పలేదు.”

వెనుకనున్న ముసలమ్మ యొకతె వచ్చి, ఎంగిలి చేతులు కావు గదా యని చీరకు తుడుచుకొని, అతని పాదములంటెను. ఆమెవెనుక ఇంకొకరు. స్వామి దీపముతో కాలినవానినా మనమనుమానించినదని రెడ్డి కన్నుల నీరు పెట్టుకొనెను. రామానుజయ్య తల వంచుకొని తీర్థమునకు చేయి చాచెను. నరహరి తీర్థమిచ్చెను. సగము నీళ్లు నేలమీద పడినవి. నేనును చేయి చాచి తీసికొంటిని.

గెలిచితిమని మరదలు ఆనాడు పాయసము వండెను.

మరునాటి ఉదయము

నరహరి స్నానము చేసి, మడి కట్టుకొని, గుడికి పోలేదు. తాళముల గుత్తి ముందుంచుకొని అరుగుమీద కూర్చుండెను. ప్రొద్దెక్కుచున్నది, స్వామికి ఆలస్యమగుచున్నదని నేనంటిని.

“తలుపులు తెరిచి పెట్టుకోని, ఆయన ముందర అబద్ధమాడినా. మళ్లా ఆ నోటితోనే మంత్రం చెప్పేది నా వల్ల కాదన్నా.”

అబద్ధము నా కొరకు గదా, పాపము నాదంటిని.

“నువ్వు ఏమీ అనలేదు. అన్నది నేను.”

ప్రాయశ్చిత్తము గలదని, ఇన్ని గాయత్రులు జపించినచో చాలునని చెప్పబోతిని. ఆ శ్లోకము నోటికి వచ్చియే యుండెను. చెప్పలేకపోయితిని. అతడు లేచి, తాళములు రెడ్డి యింట ఇచ్చివచ్చెను. కారణమడుగగా నెత్తినొప్పి తగ్గలేదని చెప్పెనట.

నేను వెనువెంటనే రెడ్డియొద్దకు పోయి కాగితము తెరచి, రెండవ వాక్యము చదివి తెనిగించితిని. శ్లోకము, నల్లజీడి, మంగలి మాట, అన్నియు చెప్పితిని. ఆయన నేలవైపు చూచుచు పూర్తిగా వినెను.

“ఈ మాట నిన్న యాడ పోయింది సామీ?”

నిన్న చెప్పియుంటే పనికివచ్చెడిదనియు, నేడు చెప్పినచో నరహరి గుడిలో అబద్ధమాడినాడని ఊరందరికి చాటినట్లగుననియు, అందుచేత ఈ మాట తనయొద్దనే యుంచుకొందుననియు ఆయన చెప్పెను. తాళములు మధ్యాహ్నమునకు రామానుజయ్య యింటికి చేరినవి. మాన్యము వానివెంట పోయినది. తిరునాళ్లు బాగుగనే జరిగినవి.

ఆ మాసాంతమున నరహరి డోన్‌లో ఒక కోమటి యింట వంటకు కుదిరెను. బయలుదేరునాడు భార్య సామానులు బండిలో సర్దుచుండగా, అతడు మా ఆచారము చొప్పున నాకు సాష్టాంగపడి లేచి, పాదములంటుటకు వంగెను. ముడి సరిగా వేసికొనలేదు. ఇక వేసికొనవలసిన పనియు లేదు. పెద్దవాడు నెత్తిమీద చేయి వేసి దీవింపవలెను. నేను చేయి వేసితిని. నా అరచేయి మచ్చను పూర్తిగా కప్పెను. బండివాడు పిలుచువరకు తీయలేదు.